చెలిమలపల్లె ఆఫీసుకు తాబేలు కావలెను

చెలిమలపల్లెలో వర్షపాత నమోదు శాఖ వారి డివిజన్ కార్యాలయం ఒకటి ఉంది. వానలే పడని ఊళ్లో ఆ కార్యాలయం ఎందుకని అడగకూడదు. వాన పడలేదని ఎవరో ఒకరు రాయాలి కదా. రాయకపోతే పడిందో లేదో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది? అందుకని సీనియర్ అసిస్టెంటు గవర్రాజు రోజూ పొద్దున్నే డాబా ఎక్కేవాడు. రెయిన్ గేజిలోకి తొంగి చూసి, అందులో పడిన ఎండుటాకుల్ని ఏరి పారేసి, కిందికి దిగి వచ్చి రిజిస్టరులో 'నిల్' అని రాసేవాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా చెమట తుడుచుకునేవాడు.

గవర్రాజుది గోదావరి పాయల మధ్య ఉన్న పాలలంక. అక్కడ కాలు జారితే బురద, చెయ్యి చాపితే కొబ్బరాకు. అలాంటి మనిషిని తీసుకొచ్చి ఈ బండరాళ్ల మధ్య పడేశారు. భార్య హైమవతి పాలలంక ఆస్పత్రిలో నర్సు. పెళ్లయిన దగ్గర్నుంచీ వాళ్ల కాపురం పండగ సెలవుల్లోనే జరుగుతోంది. కూతురు పండు మాటలు నేర్చింది ఫోనులో, అలగడం నేర్చింది ఫోనులో. కిందటిసారి గవర్రాజు ఇంటికి వెళితే ఆ పిల్ల ఫ్రిజ్ వెనక దాక్కుని, నాన్న ఫోనులోంచి బయటికెలా వచ్చాడని తల్లిని అడిగింది. గవర్రాజు ఆ మాట విని నవ్వాడు కానీ, తిరుగు రైల్లో అన్నం తినలేకపోయాడు.

అన్ని దరఖాస్తుల తర్వాత, అన్ని దండాల తర్వాత, భార్యాభర్తల్ని ఒకచోట ఉంచే కోటాలో అతనికి పాలలంక డివిజన్ ఆఫీసుకి బదిలీ అయింది. నెలాఖరులోగా అక్కడ చేరాలి. చేరకపోతే ఉత్తర్వు చెల్లదు, మళ్లీ మొదటి దండం నుంచి మొదలుపెట్టాలి. గవర్రాజు పెట్టె సర్దుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే తాబేలు ఉత్తర్వు వచ్చింది.

"ఉష్ణ, శుష్క ప్రాంతములందలి కార్యాలయములలో సిబ్బంది అసహనమునకు లోనై విచ్చలవిడిగా బదిలీలు కోరుచున్నట్లు ప్రభుత్వ దృష్టికి వచ్చినది. ఓర్పునకు నిలయమగు తాబేలును దినమెల్ల చూచుచుండుటచే మనశ్శాంతి చేకూరునని ఉన్నతాధికారుల విదేశ పర్యటనలో గమనించబడినది. కావున ప్రతి కార్యాలయమును తన ప్రాంతపు వేడిమికిని, పొడి గాలికిని అనువైన పెంపుడు తాబేలు నొకదానిని ఎంపిక చేసి పోషించవలెను. అంతవరకు ఏ ఉద్యోగిని రిలీవ్ చేయరాదు."

డివిజనల్ ఆఫీసరు చెన్నకేశవులు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు. మనిషి మంచివాడే. కమిటీ వెయ్యకుండా మంచినీళ్లు కూడా తాగడు, అంతే.

"సార్, మరి నా రిలీవింగండీ?" అన్నాడు గవర్రాజు.

"తాబేలు రానీ గవర్రాజూ. అది ఇట్ల వస్తానే నువ్వు అట్ల పోదువు. కమిటీకి నువ్వే కన్వీనరు."

ఈ సంభాషణ వింటున్న అటెండరు ఓబుళమ్మకి ఇందులో కష్టమేమిటో అర్థం కాలేదు. "దీనికింత గోలేంటికి సార్? ఎనక గుట్ట మింద బండల సందులో చుక్కల తాబేళ్లు తిరగతానే ఉంటాయి. గంప ఇస్తే మద్దేనానికి ఒకటి పట్టకస్తా," అంది.

గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రి హైమవతికి ఫోన్ చేసి, వారంలో వచ్చేస్తున్నానని, పులస దొరికితే ఉంచమని చెప్పాడు. పులసల కాలం కాదని ఆమె గుర్తు చేసింది. అయినా సరే ఉంచమన్నాడు.

కమిటీ మర్నాడు కూర్చుంది. అధ్యక్షుడు చెన్నకేశవులు, పశువైద్యుడు మహబూబ్ బాషా, అటవీ రేంజి అధికారిణి రాజ్యలక్ష్మి, ఒక చివర కన్వీనరు గవర్రాజు. కరెంటు లేదు. ఫ్యాను రెక్కల మీద పిచ్చుక ఒకటి తీరిగ్గా ఈకలు దువ్వుకుంటోంది.

గవర్రాజు గుట్టమీది చుక్కల తాబేలు సంగతి చెప్పగానే రాజ్యలక్ష్మి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"అది నక్షత్ర తాబేలు. ఈ ఎండకి, ఈ రాళ్లకి పుట్టిన జీవి. ఈ నేలకి దానికన్నా అనువైనది భూమ్మీద లేదు. అందుకే దాన్ని ముట్టుకుంటే జైలు."

"ఆఫీసులో పెంచితే కూడానా అండీ?"

"ఆఫీసులో పెంచితే మొత్తం ఆఫీసుకి జైలు."

చెన్నకేశవులు కమిటీ తీర్మానం చెబుతుంటే గవర్రాజు రాసుకున్నాడు. "ఈ ప్రాంతమునకు మిక్కిలి అనువైన తాబేలు ఈ ప్రాంతమునకే చెందినదగుటచే అనర్హమైనదిగా తీర్మానించడమైనది. ఈ ప్రాంతమునకు చెందనిదై, ఈ ప్రాంతమునకు అనువైన దానిని అన్వేషించవలెను." రాసింది తిరిగి చదువుకుంటే అందులో తన బతుకే కనిపించింది గవర్రాజుకి. తను ఈ ప్రాంతానికి చెందడు. అనువైనవాడు కూడా కాదు. అయినా ఐదేళ్లుగా తనని వదలట్లేదు.

తర్వాతి సమావేశంలో చెరువు తాబేలు చర్చకు వచ్చింది. దానికి నీళ్లు కావాలన్నాడు బాషా. ఎన్ని నీళ్లని అడిగాడు చెన్నకేశవులు. అది మునిగేన్ని అన్నాడు బాషా. ఆఫీసుకి వారానికొకసారి వచ్చే ట్యాంకరు నీళ్లలో ఓబుళమ్మ గిన్నెలు కూడా మునగవు కాబట్టి ఆ విషయం అంతటితో ముగిసింది.

నెలాఖరు దగ్గర పడుతోంది. గవర్రాజు ఇక ఆగలేక సొంత డబ్బుతో బజారులో ఇత్తడి తాబేలు కొనుక్కొచ్చాడు. జనం ఇంట్లో కలిసొస్తుందని పళ్లెంలో పెట్టుకునే రకం. దాన్ని కమిటీ ముందు పెట్టి, ఎండకి చావదని, తిండి అడగదని, ఏ చట్టమూ దీని జోలికి రాదని వివరించాడు.

బాషా దాని వీపు మీద వేలితో తట్టి చూశాడు. "ఆరోగ్యంగానే ఉండాది సార్. నాడి మాత్రం దొరకడంల్యా."

"పెంపుడు తాబేలు అన్నారు గవర్రాజూ," అన్నాడు చెన్నకేశవులు జాలిగా. "రేపు ఆడిట్ వాళ్లొచ్చి దాని మేత బిల్లులేవప్పా అంటే ఏం చూపిస్తాం? తినని దాన్ని పోషించినామంటే నమ్ముతారా?"

ఇత్తడి తాబేలు అనర్హమైంది. ఓబుళమ్మ దాన్ని ఇంటికి తీసుకుపోయింది. వారం తిరక్కుండా ఆమె చెల్లెలికి సంబంధం కుదిరింది, అది వేరే విషయం.

చివరికి దారి చూపించింది బాషాయే. ఎక్కడో ఎడారి దేశాల్లో పుట్టే మెట్ట తాబేలు ఒకటుందని, దాని పిల్లల్ని నగరంలో లైసెన్సు ఉన్న వ్యాపారి అమ్ముతాడని చెప్పాడు. నీళ్లు ఎక్కువ అక్కర్లేదు, అడుగు తడిపేంత పళ్లెం చాలు. ఎండుగడ్డి, నాగజెముడు మట్టలు తింటుంది. పళ్లకి మరగనివ్వకూడదు. చెమ్మ తగిలితే జలుబు చేస్తుంది. మధ్యాహ్నం ఎండ ముదిరితే గుంత తవ్వుకుని అందులో దూరుతుంది. పెద్దదయ్యాక మనిషి కూర్చోగలిగేంత అవుతుంది, దాని గుంత గోడల కిందికి కూడా పోవచ్చు.

"పునాది కదిలితే?" అన్నాడు చెన్నకేశవులు.

"అప్పటికి మీరుండరు సార్."

ఈ జవాబు అధ్యక్షుడికి పూర్తి సంతృప్తి కలిగించింది. తాబేలు గాలి చిల్లుల చెక్కపెట్టెలో వచ్చింది, దాని వెంట కాగితాల కట్ట. రాజ్యలక్ష్మి దాని పుట్టుక పత్రం, తల్లిదండ్రుల పత్రాలు, దిగుమతి పత్రాలు తిరగేసి, "నా సర్వీసు రికార్డు ఇంత శుభ్రంగా లేదు," అని నిట్టూర్చింది.

గవర్రాజు ఆ తాబేలు వైపు ఆశగా చూశాడు. అరచేతిలో పట్టేంత ఉంది. ముసలాయన ముఖం. ఈ జీవి ఒక్కటి ఒప్పుకుంటే తను ఇంటికి పోతాడు.

అయితే ఎంపికకు ముందు అనుకూలత పరీక్ష జరగాలని ఉత్తర్వు అనుబంధంలో ఉంది. ఎంపిక చేయబోయే తాబేలు ఒక పూర్తి పనిదినం కార్యాలయంలో కూర్చోవాలి. కమిటీ పక్కన కూర్చుని గమనించాలి. మర్నాడు తాబేలును గవర్రాజు బల్ల మీద, ఎండుగడ్డి పరిచిన చాటలో ఉంచారు. ఆ రోజు ఎండ ఎలా ఉందంటే, ఫైళ్లకి అంటించిన బంక కరిగి మూడు శాఖల వ్యవహారాలు ఒకటైపోయాయి. మొదటి గంటలోనే రాజ్యలక్ష్మికి అడవిలో అత్యవసర తనిఖీ గుర్తొచ్చింది. తర్వాత ఎక్కడో ఒక గేదె ఈనబోతోందని బాషా లేచాడు. చెన్నకేశవులు జీపులో కూర్చుని ఏసీ వేసుకుని, అద్దంలోంచి గమనిస్తానన్నాడు. గవర్రాజు డాబా మీదికి పోయి రెయిన్ గేజిలోకి తొంగి చూసి, అక్కడే నీళ్లట్యాంకు నీడలో కూలబడ్డాడు.

పరీక్షలో మిగిలింది తాబేలు ఒక్కటే.

అప్పుడే కదిరప్ప అనే వేరుశనగ రైతు లోపలికి వచ్చాడు. పంట బీమా వాళ్లు వాన పడలేదని ఈ ఆఫీసు నుంచి కాగితం తెమ్మన్నారు. దానికోసం రెండేళ్లుగా తిరుగుతున్నాడు. బల్ల దగ్గర మనిషి లేడు, తాబేలు ఉంది. కదిరప్పకి ఇక మనిషికీ తాబేలుకీ తేడా చూసే ఓపిక లేదు. చేను ఎండిన దగ్గర్నుంచి చెప్పుకుంటూ పోయాడు. తాబేలు మెడ చాపి, రెప్ప వాల్చకుండా చివరిదాకా విన్నది.

గవర్రాజు దిగి వచ్చేసరికి ఆ రైతు కండువాతో కళ్లొత్తుకుంటున్నాడు.

"నా మాట అయిపోయేదాంకా ఇన్నది ఈ ఆఫీసులో ఇదొక్కటే సార్," అన్నాడు. "కడుపులో బరువు దిగినట్టుండాది. పోయొస్తా."

"ఉండవయ్యా, నీ కాగితం..." అని గవర్రాజు నోరు తెరిచాడు కానీ, జీపులోంచి చెన్నకేశవులు పరుగున వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఇవ్వద్దు. ఇస్తే ఫిర్యాదు నువ్వు తీర్చినట్టయితాది. తాబేలు తీర్చినట్టుండనీ." నివేదికలో ఇలా రాయించాడు. "అభ్యర్థి వేళకు ముందే హాజరైనది. సీటు విడువలేదు. ఫోను చూడలేదు. సెలవు కోరలేదు. ప్రజా ఫిర్యాదు నొకదానిని ఒక్క మాట మాట్లాడకుండ సానుకూలముగా పరిష్కరించినది. అన్ని విధముల అనువైనది." కమిటీ సభ్యులు ఎక్కడి వాళ్లక్కడి నుంచే సంతకాలు పంపారు. కదిరప్ప మర్నాడు రమ్మనకుండానే వచ్చాడు, తాబేలుకి దోసకాయ ముక్క తెచ్చాడు. కాగితం మాత్రం అతనికి రాలేదు.

నెలాఖరుకి నాలుగు రోజులుంది. గవర్రాజు పెట్టె తాళం మళ్లీ వేసి వచ్చి నిలబడ్డాడు.

"తాబేలు వచ్చేసింది కదండీ. ఇంక నన్ను వదిలెయ్యండి బాబూ."

చెన్నకేశవులు చాలా బాధగా చూశాడు. "పంపడానికి నాకేమి కష్టం? చార్జి ఎవరికి ఇచ్చి పోతావు? నీ సీట్లోకి ఎవరో ఒకరు రావాల కదా. ఈ ఊరి పేరు వింటేనే సెలవు పెడతాండారు. నీ జాగాలోకి మనిషి రాకముందే నిన్ను పంపితే నా మెడకి చుట్టుకుంటాది."

హైమవతి ఆ రోజే వీధి చివర పెద్ద ఇల్లు అద్దెకి చూసి బయానా ఇచ్చానని చెప్పింది. పండు కొత్త ఇంట్లో నాన్న ఎక్కడ పడుకుంటాడో గోడ మీద సుద్దతో గీసి పెట్టిందట. ఆ గీత తలుచుకుంటే గవర్రాజు గుండెల్లో మంట పుట్టింది. మంటలోంచే ఆలోచన పుట్టింది. ఐదేళ్లుగా ఆఫీసు భాషలో నోట్లు రాసి రాసి అరిగిన చెయ్యి అతనిది. కూర్చుని ఆ చేత్తోనే ఒక నోటు రాశాడు.

"సీనియర్ అసిస్టెంటు పోస్టునకు కావలసిన అర్హత ఈ ప్రాంత వాతావరణమును తట్టుకొని సీటులో ఉండుట. అట్టి అర్హత గలదని ముగ్గురు అధికారుల కమిటీచే ధ్రువీకరింపబడిన వారు ప్రస్తుతము ఈ కార్యాలయమున ఒక్కరే కలరు. రోజువారీ పని 'నిల్' వేయుట. పనివేళల అనంతరము తాబేలు ఆరుబయట ఉండును గనుక తడిసినచో వర్షము పడినట్లు, తడవనిచో నిల్. ముద్ర అటెండరు వేయగలరు. కావున చార్జిని తాబేలునకు అప్పగించుటకు అనుమతి కోరుచు సమర్పించడమైనది."

రాస్తున్నంతసేపూ బాగానే ఉంది. రాయడం అయ్యాక సిగ్గేసింది. తను ఐదేళ్లు చేసిన పనిని తాబేలు చెయ్యగలదని రుజువు చెయ్యడానికి పది నిమిషాలు పట్టింది, ఎక్కడా ఒక్క అబద్ధం రాయాల్సిన పని రాలేదు. ఆ సిగ్గుని దిగమింగి నోటు లోపలికి పంపాడు.

చెన్నకేశవులు దాన్ని చదివి, మొదటి నుంచి మళ్లీ చదివాడు. నిబంధనల పుస్తకం తెప్పించాడు. చార్జి తీసుకునే వ్యక్తికి కాళ్లు ఎన్ని ఉండాలో అందులో ఎక్కడా లేదు. ఆయన సంతకం పెట్టి, నకలు ఒకటి అప్పటికప్పుడే పై ఆఫీసుకి పంపాడు.

"మరి నేను దీన్ని ఏమని పిలవాల?" అంది ఓబుళమ్మ.

"సార్ అనే పిలువు. పోస్టుకి మర్యాద ఇయ్యాల."

"ఆడదైతే?"

బాషాని పిలిపించారు. అది పెద్దదయ్యేదాకా ఆ సంగతి తెలియదని ఆయన చెప్పడంతో, అంతవరకు సార్ అనే తీర్మానించారు. గవర్రాజు తాళాలు, ముద్ర, రిజిస్టరు చాట ముందు పెట్టి దండ వేశాడు. తాబేలు దండలోని చామంతులు తిని బాధ్యతలు స్వీకరించింది. పాత సార్ కన్నా ఇదే నయమని, టీ కోసం బజారుకి తోలదని ఓబుళమ్మ అందరి ముందూ అనేసింది.

చార్జి కాగితాలన్నీ పూర్తయ్యేసరికి మూడు రోజులు పట్టింది, ఆ సాయంత్రమే గవర్రాజు బస్సెక్కాడు. అతను ఎక్కిన బస్సు కన్నా అతను రాసిన నోటు వేగంగా వెళ్లిందని అతనికి తెలియదు. పై ఆఫీసువాళ్లు దాన్ని చదివి ఆనందంతో ఉబ్బితబ్బిబ్బై, 'ఆదర్శ విధానము' అని పేరు పెట్టి రాష్ట్రమంతటా అన్ని ఆఫీసులకీ పంపారు.

పాలలంకలో దిగేసరికి కుండపోతగా వాన. బస్టాండులో హైమవతి గొడుగు పట్టుకుని నిలబడింది, పండు ఆమె కొంగు పట్టుకుని నిలబడింది. పిల్ల ఈసారి దాక్కోలేదు. తండ్రి చొక్కా పట్టుకుని లాగి చూసి, నిజమేనని తేల్చుకుని, చంకెక్కింది. గవర్రాజు ఆ పిల్లని ఎత్తుకునే, హైమవతి గొడుగు పడుతుంటే, తిన్నగా ఆఫీసుకి నడిచాడు. ఆ రోజే ఆఖరు తేదీ.

పాలలంక డివిజనల్ ఆఫీసరు లింగేశ్వరరావు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. "మీరేనాండీ ఆ నోటు రాసిన గవర్రాజు గారు? ఆయ్, ఏం రాశారండీ బాబూ. మా ఆఫీసులో అందరం పైకి చదువుకున్నామండి."

"అంతా మీ అభిమానం అండీ. జాయినింగు రిపోర్టు తెచ్చేను," అన్నాడు గవర్రాజు, తడిసిన కాగితం జాగ్రత్తగా మడత విప్పుతూ.

లింగేశ్వరరావు ముఖం కొంచెం చిన్నబోయింది. గది మూలకి చూపించారు. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద నీళ్లు నింపిన పెద్ద ప్లాస్టిక్ తొట్టి, తొట్టిలో రాయి, రాయి మీద ఒక తాబేలు. ముందు సీనియర్ అసిస్టెంటు అని బోర్డు.

"మాది తడి ప్రాంతం కదండీ, నీళ్ల రకం ఎంపిక చేశాం. అన్ని కాగితాలూ ఉన్నాయి. నిన్న మధ్యాన్నం జాయినయ్యారండి."

గవర్రాజు చంకలో పిల్లని కిందికి దింపాడు. తొట్టి పక్కన ఇంకో బల్ల ఖాళీగా ఉండడం హైమవతి చూసింది.

"ఆ సీటు ఖాళీయే కదండీ. అందులో చేర్చుకోండి."

"అది వీరి భార్య గారికి అట్టేపెట్టామండి," అన్నారు లింగేశ్వరరావు, తొట్టి వైపు మర్యాదగా చెయ్యి చూపిస్తూ. "రేపొస్తున్నారు. మూగజీవాల్లో భార్యాభర్తల్ని విడదీయకూడదని, మన డైరెక్టరు గారు కొత్తగా ఉత్తర్వు ఇచ్చేరు. ఎంత దయగల మనిషండీ. ఆ కోటా మొత్తం ఇప్పుడు వాటికే వెళ్లిపోయింది."

హైమవతి గొడుగు గోడకి ఆనించి, మెల్లిగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "మరి మా ఆయన్ని ఏం చేద్దామనండీ?"

"ఆయన సంగతి కూడా వచ్చేసిందండి," అని లింగేశ్వరరావు ఒక కాగితం అందించారు. గవర్రాజు తీసుకుని చదివాడు. చెలిమలపల్లెలో సీనియర్ అసిస్టెంటుగారి మేత, నీడ, గుంత చూసుకోవడానికి సంరక్షకుడి పోస్టు మంజూరైంది. వారి స్వభావం ఎరిగినవాడు, వారిని స్వయంగా ఎంపిక చేసినవాడు గవర్రాజు ఒక్కడే కాబట్టి అతన్నే నియమించారు. తక్షణం వెళ్లి వారి కింద చేరాలి.

"ఎన్నాళ్లండీ?" అంది హైమవతి.

"అది బతికున్నన్నాళ్లూనండి." ఆవిడ ముఖం చూసి లింగేశ్వరరావు గారికి నిజంగానే జాలేసింది. భర్త ఉద్యోగం మధ్యలో ఊడిపోతుందని భయపడుతోంది కాబోలనుకుని దగ్గరికొచ్చి ధైర్యం చెప్పారు. "మీరేం బెంగ పెట్టుకోకండమ్మా. వాటికి ఓ పట్టాన ఏమీ అవదు. నూరేళ్లకి తక్కువ బతకవంట."